వేలాపురపు మాటసుంకం

లోకంలోని రేవులన్నీ ఓడలోని సరుకును చూసి సుంకం పుచ్చుకుంటాయి. మౌక్తిక రాజ్యానికి కంఠాభరణమైన వేలాపురం రేవు మాత్రం మాటను పుచ్చుకుంటుంది. రేవు ముఖద్వారానికి అడ్డంగా తాటిమాను లావు ఇనుపగొలుసు ఒకటి నీటిపై వేలాడుతూ ఉంటుంది. బయలుదేరే ప్రతి నావికుడూ ఆ గొలుసు దగ్గర ఆగి, నావకు సంబంధించిన ఒక పదానికి అర్థమూ, పుట్టుకా, వాడుకా చెప్పాలి. చెబితే గొలుసు దిగుతుంది. చెప్పలేకపోతే నావ వెనక్కి తిరుగుతుంది. ఎక్కిన వాహనంలో ఏది ఎందుకుందో తెలియనివాడిని సముద్రం మీదికి పంపడం హత్యతో సమానమని తలచి, పూర్వమెప్పుడో ఒక రాజు పెట్టిన ఆచారమిది. దానికి మాటసుంకమని పేరు. దానిని వసూలు చేసే ఉద్యోగి పదాధికారి.

ఆ ఉదయం పదాధికారి అనంతభట్టుకు పని లేదు. తొమ్మిది రోజులుగా లేదు.

రేవులో మూడువందల ఓడలు నిలిచి ఉన్నాయి. పగడపు రంగు దూలాలతో, దంతపు చెక్కడాలతో, ఎగిరే హంసల ఆకారంలో మలచిన ముక్కులతో అవి ఉదయకాంతిలో మెరుస్తున్నాయి. కాని వాటి స్తంభాలన్నీ శిశిరంలో ఆకు రాల్చిన అడవిలా బోసిగా ఉన్నాయి. ఒక్క స్తంభానికీ తెరచాప లేదు.

దీనికి కారకుడు భస్మకేతుడనే మాంత్రికుడు. తొమ్మిది రోజుల కిందట అతడు సుడిగాలి రూపంలో రాజోద్యానంలో దిగి, పన్నెండేళ్ళ రాజకుమారి మృణాళినిని ఎత్తుకుపోయాడు. తొమ్మిదవనాటి సూర్యాస్తమయానికి ఆమెను తన ద్వీపంలో అగ్నికి ఆహుతి ఇస్తానని ఆకాశం నుంచి చాటాడు. ఎవరూ వెంటరాకుండా రేవును శపించాడు: "మగ్గమెక్కినదేదీ ఇక్కడి స్తంభమెక్కరాదు. ఎక్కినది గాలి సోకగానే భస్మమగుగాక."

నూలు కట్టారు, బూడిదైంది. ఉన్ని కట్టారు, బూడిదైంది. మహారాణి తన పట్టుచీరలు పదహారు ఇప్పించింది, అవీ బూడిదయ్యాయి. తెడ్లతో వెళ్దామంటే భస్మద్వీపానికి ప్రవాహం ఎదురు, పది రోజులైనా చేరలేరు. గాలి సాయముంటే మూడు జాముల ప్రయాణమే.

నేడు తొమ్మిదవ నాడు.

సూర్యుడు బారెడెత్తు లేచేసరికి ఒక చిన్న పడవ గొలుసు దగ్గరికి వచ్చి ఆగింది. అందులో ఒకే మనిషి. ముఖమంతా మసి, నెత్తిన చిరిగిన తలపాగా, చేతుల్లో రెండు తెడ్లు. మసి కింద ఉన్నది యువరాజు రత్నాంగదుడు. దూరదేశపు గురుకులం నుంచి నిన్న సాయంత్రమే గుర్రం దిగాడు. చెల్లెలి సంగతి విని నీళ్ళయినా తాగలేదు. రాజకుటుంబీకుడెవడైనా రేవు దాటితే మృణాళిని ప్రాణం ఆ క్షణమే తీస్తానని భస్మకేతుడు చెప్పి ఉన్నాడు. కనిపెట్టి ఉండడానికి కెంపుకళ్ళ గ్రద్దనొకదాన్ని దీపస్తంభం కొన మీద కూర్చోబెట్టాడు. అందుకే ఈ మసి.

"పేరు?" అన్నాడు అనంతభట్టు, ఒడ్డు మీది రాతి అరుగు నుంచి.

"పోలయ్యండి."

"తెడ్లతో ఎక్కడికి పోలయ్యా?"

"చేపలకండి."

"తెడ్లు తలకిందులుగా పట్టుకుని పోతే చేపలు నవ్వుకుంటాయి. సరే, నాకెందుకు. పదం తీస్తున్నాను."

అనంతభట్టు పక్కన మూడు తాళపత్రపు కట్టలు ఉన్నాయి. ఒక్కొక్క కట్టకూ కిందా పైనా టేకు పలకలు, మధ్య ముప్పై ఏళ్ళ శ్రమ. ఓడ పదాలన్నింటినీ ఆయన వాటిలోకి ఎక్కించాడు. ఒక్కొక్క పదానికి మూడు గీతలు: అర్థానికి ఒకటి, పుట్టుకకు ఒకటి, వాడుకకు ఒకటి. కళ్ళు మూసుకుని ఒక ఆకు లాగి, తెరిచి చూసి, నిట్టూర్చాడు.

"తెరచాప. రేవులో లేని వస్తువే చేతికి వచ్చింది. చెప్పు."

యువరాజు తాను పోలయ్యనన్న సంగతి మరిచిపోయాడు. గురుకులంలో ఆరేళ్ళు వల్లె వేసిన నాలుక ఊరుకోలేదు.

"నావ నడిమి స్తంభానికి కట్టబడి, గాలిని నిరోధించి, ఆ నిరోధబలం చేత నావను ముందుకు నడిపేది తెరచాప. దానిని ఎత్తుతారు, దించుతారు, చుడతారు, ఎదురుగాలికి ఓరగా తిప్పుతారు. పెద్ద ఓడవారు తెరచాప అంటారు, జాలరులు ఒట్టి చాప అంటారు. ఇక పుట్టుక. తెర అంటే మరుగు. చాపమంటే సంస్కృతంలో ధనుస్సు. గాలికి విల్లులాగా వంగే తెర కనుక..."

"ఆగు," అన్నాడు అనంతభట్టు. "అర్థం నిర్దుష్టం. వాడుక ముచ్చటగా ఉంది, జాలరుల మాట నీకు తెలియడం ఆశ్చర్యం. పుట్టుక మాత్రం ముప్పై ఏళ్ళలో పదకొండుమంది పండితులు ఇదే చెప్పారు. పదకొండుమందినీ వెనక్కి పంపాను. ఊహకు సాక్ష్యం ఉండాలి. ఈ పదం కింద రెండో గీత ఇప్పటికీ ఖాళీ, చూడు. నువ్వూ వెనక్కి తిప్పు."

"అయ్యా, వెనక్కి తిప్పడానికి నాకు పొద్దు లేదు."

"అందరూ అదే అంటారు."

అంతలో అరుగు కింద నుంచి నవ్వు వినిపించింది. అక్కడ చాపలమ్మే చెంచమ్మ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఓడలవాళ్ళకు పడుకునే చాపలు అమ్మడం ఆమె వృత్తి. నవ్వుతున్నప్పుడు కూడా ఆమె వేళ్ళు ఆకు అల్లుతూనే ఉన్నాయి.

"ఏమిటమ్మీ నవ్వుతున్నావు?" అన్నాడు అనంతభట్టు.

"ఏం లేదు అయ్యవారూ. చాపని చాప అనడానికి అబ్బాయి విల్లుదాకా వెళ్ళాడు, పాపం. మా ముత్తవ్వ పుట్టింటివాళ్ళు దీవులవాళ్ళు. వాళ్ళు పడవకి చాపే కట్టేవారు, ఇదిగో ఇట్లాంటిది. గుడ్డ తరవాత వచ్చింది. గుడ్డొచ్చినా పేరు మార్చడం ఎవరికీ తోచలేదు."

అనంతభట్టు అరుగు అంచు నుంచి కిందికి వంగి చూశాడు. "ముప్పై ఏళ్ళుగా ఈ అరుగు కిందే కూర్చుంటున్నావు. ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎప్పుడడిగారు? తలపాగా ఉన్నవాళ్ళనే అడుగుతారాయె."

"సాక్ష్యం ఏది?"

చెంచమ్మ సమాధానం చెప్పేలోపే యువరాజు ఒడ్డు మీదికి దూకాడు. మాంత్రికుడు గుడ్డను కాల్చాడు, చాపను కాదు. ఆమె ముందున్న దొంతరలో అన్నిటికంటే నునుపైన చాపను లాగాడు. ఎర్రటి అంచులతో, నడుమ నెమలి బొమ్మతో ఉన్న తుంగచాప అది. చెంచమ్మ నోరు తెరిచేలోపే దానిని పడవ స్తంభానికి ఎత్తి కట్టాడు.

సముద్రపు గాలి వచ్చి తగిలింది. చాపలోని పడుగు దారం చిటపటమని బూడిదైంది. పట్టు తప్పిన తుంగపుల్లలు వేలకు వేలు గాలిలో లేచి, అనంతభట్టు తల మీదా భుజాల మీదా వానలా కురిశాయి.

"నేను చెప్పేది వినవేం నాయనా?" అంది చెంచమ్మ నిదానంగా. "అది తుంగ. పడుగు నూలు పోసి మగ్గం మీద నేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఆ మాయలమారి మగ్గమెక్కినదాన్నే కదా కాలుస్తానంది. ఇదిగో ఇది ఈతచాప. దీనికి పడుగూ ఆకే, పేకా ఆకే. మగ్గమంటే ఏమిటో ఇది ఎరగదు. రెండు చేతులూ, కాలి బొటనవేలూ. అంతే దీని పుట్టుక."

ముతకగా, గోధుమరంగులో, అందమనేది ఏ కోశానా లేని ఎనిమిది ఈతచాపలను ఆమె అంచుకు అంచు చేర్చి ఈనెలతో గుచ్చింది. ఆ వేళ్ళ వేగానికి చూసేవారి కళ్ళు అలసిపోయాయి. యువరాజు కొబ్బరితాళ్ళతో దానిని పైకి లాగాడు. గాలి వచ్చింది. చాప ఉబ్బింది. ఒక్క నలక కూడా రాలలేదు. మూడువందల ఓడల మీద తెడ్లు దిగవిడిచి కూర్చున్న నావికులంతా లేచి నిలబడ్డారు.

"గొలుసు దించండి అయ్యా," అన్నాడు యువరాజు.

"తొందరపడకు," అన్నాడు అనంతభట్టు, శిఖలో చిక్కిన తుంగపుల్లలు ఏరుకుంటూ. "నిలిచినంత మాత్రాన అది తెరచాప కాదు. గాలిని పట్టి నావను నడపాలి. అప్పుడే సాక్ష్యం. గొలుసు విప్పాక నువ్వు దాటిపోతే, అది నడిచిందో మునిగిందో నాకు తెలిసేదెలా? నేనూ వస్తాను."

"మీరు ఎప్పుడైనా పడవ ఎక్కారా?"

"ఎక్కలేదు. పడవ భాగాలు నాలుగువందల పన్నెండు నోటికి వచ్చు."

మూడు కట్టలనూ చంకల్లో ఇరికించుకుని, కాలు ఎక్కడ పెట్టాలో నాలుగుసార్లు ఆలోచించి, ఐదోసారి పడవలో పడ్డాడు. వెనకాలే చెంచమ్మ కొడవలి బొడ్లో దోపుకుని ఎక్కింది.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు యువరాజు.

"చాప పిగిలితే అల్లేదెవరు, నువ్వా?"

గొలుసు పెద్ద నిట్టూర్పు విడిచి నీటిలోకి దిగింది. పడవ రేవు దాటింది.

దీపస్తంభం మీది గ్రద్ద కళ్ళు ఎర్రగా వెలిగాయి. పడవలో యువరాజు ఉన్నాడని దానికి తెలియదు. కాని స్తంభాన ఏదో నిలిచి ఉన్నదని కనిపించింది. ఒక్క కేక వేసి ఉత్తరంగా, భస్మద్వీపం వైపు ఎగిరిపోయింది.

జాము గడిచింది. సముద్రం నెమలికంఠపు నీలంతో, అలలపై అబ్రకపు పొడి చల్లినట్టు తళతళలాడుతూ ఉంది. ఎగిరే చేపలు వెండి నాణేల్లా లేచి పడుతున్నాయి. ఈ శోభలో దేన్నీ అనంతభట్టు చూడలేదు. పడవ అంచున వేలాడుతూ, ఉదయం తిన్నదంతా సముద్రుడికి అప్పగిస్తూ, మధ్యమధ్య తలెత్తి ఉదయం లాగిన తెరచాప ఆకు మీద గంటంతో రాస్తున్నాడు. "పుట్టుక: ఈతాకు చాప. సాక్షి..." అని ఆగి, "నీ ఇంటిపేరేమిటి చెంచమ్మా?" అన్నాడు.

"ఒంట్లో బాగులేని మనిషికి ఇంటిపేర్లెందుకు? పడుకోండి."

అప్పుడే దక్షిణం నుంచి వేడిగాలి వచ్చింది. పొయ్యిలోంచి ఊదినట్టున్న ఆ ఎండుగాలి గ్రద్ద కబురు విన్న భస్మకేతుడు పంపినది. గుడ్డయితే బూడిదయ్యేది. చాప బూడిద కాలేదు, కాని ఎండింది. ఆకు ముడుచుకుంది. అల్లిక సందులు నోళ్ళు తెరిచాయి. గాలి వాటిలోంచి ఈలలు వేసుకుంటూ వెళ్ళిపోసాగింది. పడవ నెమ్మదించి, తడబడి, నిలిచిపోయింది.

వెనక నీటిపై బూడిదరంగు రెక్కలు తేలాయి. ఒకటి, మూడు, పది. మాంత్రికుని సొరచేపలు. వాటి దవడలు తెరుచుకున్నప్పుడల్లా పొగ వస్తోంది.

యువరాజు తెడ్డు ఎత్తి మొదటిదాని ముక్కు మీద మోదాడు. తెడ్డు రెండైంది. రెండో తెడ్డును ఇంకొకటి నమిలి మింగింది. ఆ పెనుగులాటలో తలపాగా జారి, దాని కింద దాచిన యువరాజుల కుండలాలు రెండూ ఎండలో మెరిశాయి.

"ఓహో," అన్నాడు అనంతభట్టు పడుకున్నచోటి నుంచి, "పోలయ్యగారి పుట్టుక ఇప్పుడు సాక్ష్యంతో సహా దొరికింది."

"నాకు గొలుసు దగ్గరే తెలుసు," అంది చెంచమ్మ. "ఆ అరచేతులు పడవవాడివా? బాబూ, ఆ చేపల్ని వదిలెయ్. నీళ్ళు తోడే డొప్ప ఏది?"

"డొప్పతో సొరచేపల్ని కొడతావా?"

"చాప మీద నీళ్ళు కొట్టమంటున్నాను. ఎండిన ఆకు అల్లికకి వంగదు, విరుగుతుంది. తడిపితే ఉబ్బుతుంది. మేం రోజూ చేసేదే. నువ్వు పొడుగువాడివి, పైదాకా చల్లు."

యువరాజు డొప్ప అందుకుని సముద్రాన్ని చాప మీద కుమ్మరించాడు. ఒకసారి, ఐదుసార్లు, ఇరవైసార్లు. అనంతభట్టు కూడా లేచి, దోసిళ్ళతో తన వంతు చల్లి, సగం తన మీదే పోసుకున్నాడు. ఈతాకు నీరు తాగింది. ఉబ్బింది. సందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. ఈలలు ఆగిపోయాయి. అంతవరకు జారిపోయిన వేడిగాలి అంతా ఒక్కసారి చాప కడుపులో చిక్కింది. పడవ ముక్కు పైకి లేచి, అందరికంటే ముందున్న సొరచేప వీపు మీదుగా జారి, బాణంలా ఉత్తరానికి దూసుకుపోయింది. మాంత్రికుడు కాల్చడానికి పంపిన గాలే వారిని అతని ఇంటికి మోసుకుపోయింది.

అనంతభట్టు కళ్ళల్లో ఉప్పునీళ్ళు. అవి సముద్రానివే కావచ్చు. "నడిచింది," అన్నాడు. ఆకు మీద రెండో గీత పూర్తిచేసి, దాన్ని చుట్టి, శిఖలో ముడుచుకున్నాడు.

సూర్యుడు పడమట రెండు బారల ఎత్తున ఉండగా భస్మద్వీపం కనిపించింది. కాటుకకొండ మీద బొగ్గుతో కట్టినట్టు కోట, దాని బురుజుల చుట్టూ తిరిగే పొగదండలు, కుడివైపు ఒడ్డున ఎవరో మరిచిపోయినట్టున్న పచ్చని ఈతవనం. ఎడమవైపు ఒడ్డుకు చేరువగా ఒక రాతిస్తంభం. దానికి తాళ్ళతో కట్టిన చిన్న ఆకారం. స్తంభం చుట్టూ నీటి అంచు దాకా నివురు కప్పిన నిప్పుల మడుగు.

సూర్యబింబం నీటిని తాకినప్పుడు ఆ నివురు తొలగి నిప్పు లేస్తుందని కోట గోడల మీద మోగుతున్న డోళ్ళు చెబుతున్నాయి. భస్మకేతుడు లోపల హోమానికి కూర్చున్నాడు. బయట కాపలా లేదు. నిప్పే కాపలా.

పడవ ఒడ్డుకు కొట్టుకుంది. యువరాజు కాలు మోపబోయాడు, చెప్పు అడుగు మాడి వాసన వచ్చింది. వెనక్కి లాక్కున్నాడు.

"అన్నయ్యా," అని స్తంభం నుంచి పిలుపు. ఏడుపు లేని గొంతు. "ఒక గ్రద్ద సముద్రం మీద తిరిగొచ్చి, మీ పడవ సంగతి చెప్పి పోయింది. పడవలో ముగ్గురున్నారని, అందులో ఒకరు వాంతులు చేసుకుంటున్నారని. నువ్వా?"

"నేను కాదు," అన్నాడు రత్నాంగదుడు. "వస్తున్నాను."

చెంచమ్మ అప్పటికే తాడు కోసేసింది. తడిసి బరువెక్కిన చాప దభీమని పడవలోకి దిగింది. "తెరగా నిలబడింది చాలు. ఇక చాపలా పడుకోనీ. పట్టుకోండి అయ్యవారూ, ఆ కొస."

ముగ్గురూ కలిసి చాపను నిప్పుల మీదికి చుట్ట విప్పినట్టు దొర్లించారు. తడి తగిలి నివురు బుస్సుమంది. ఆవిరి తెల్లగా లేచింది. యువరాజు ఆ ఆవిరిలోకి పరుగెత్తాడు. పది అడుగులు, పదిహేను, ఇరవై. చాప అయిపోయింది. చెల్లెలికీ అతనికీ నడుమ ఇంకా ఆరు అంగల నిప్పు మిగిలింది. కాళ్ళ కింద ఆకు అప్పుడే మాడుతోంది.

వెనక నుంచి ఒక టేకు పలక గాలిలో వచ్చి అతని ముందు నిప్పుల మీద పడింది. దాని వెనక ఇంకొకటి. రత్నాంగదుడు తిరిగి చూశాడు. చాప నడిమిలో పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, అనంతభట్టు మూడో కట్ట తాడు విప్పుతున్నాడు. పలకలు తీసేసిన తాళపత్రాలు ఆయన చుట్టూ ఆవిరిలో ఎగిరి, నిప్పుల మీద వాలి, ఒక్కొక్క పదంగా వెలిగి ఆరిపోతున్నాయి.

"భట్టుగారూ, అది మీ ముప్పై ఏళ్ళు."

"అందుకే త్వరగా తొక్కండి ప్రభూ. మండుతున్నాయి."

ఆరు పలకలు, ఆరు అంగలు. యువరాజు నడుములో దాచిన కత్తి తాడును తెంచింది. మృణాళిని అన్న మెడకు చుట్టుకుంది. అవే ఆరు అంగలు వెనక్కి, ఆఖరిది సగమే మిగిలింది. చాప మీద ముగ్గురూ, చాప వెనకే మంటా. ఒడ్డు నీళ్ళలో మోకాళ్ళ లోతున పడ్డారు. వెనక్కి చూస్తే చాప లేదు. దాని అల్లిక గళ్ళు మాత్రం నిప్పు మీద ఒక్క క్షణం ఎర్రగా కనిపించి చెదిరిపోయాయి.

సూర్యుడు నీటిని తాకాడు. స్తంభం చుట్టూ నిప్పు తాటిచెట్టంత లేచింది. అందులో ఎవరూ లేరు. కోటలో డోళ్ళు టక్కున ఆగిపోయాయి.

"ఇప్పుడు తెలుస్తుంది వాడికి," అంది మృణాళిని. "అన్నయ్యా, మీ పడవకి తెరచాప ఏది?"

తెడ్లు సొరచేపల కడుపులో ఉన్నాయి. అనంతభట్టు ఒకసారి శిఖ తడిమి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మిగిలిన ఆకు ఒక్కటే, అక్కడే భద్రంగా ఉంది.

చెంచమ్మ మాత్రం కుడివైపు ఒడ్డున ఉన్న ఈతవనాన్ని చూస్తోంది. పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు, మొదలు నుంచి కొస దాకా చూసింది. బొడ్లోంచి కొడవలి తీసి యువరాజు చేతిలో పెట్టింది.

"లేత మట్టలు కోసుకురా బాబూ, ముదురువి వద్దు. అమ్మాయీ, నువ్వు ఈనె తియ్యి, చూపిస్తాను. అయ్యవారూ, మీరిలా కూర్చోండి."

"నేనా? నాకు అల్లడం రాదే."

"నాలుగువందల పన్నెండు వచ్చన్నారుగా, ఇది నాలుగువందల పదమూడోది అనుకోండి."

కోట తలుపుల వెనక ఇనుపగడియలు ఒకటొకటిగా జారుతున్న చప్పుడు మొదలైంది. వేలాపురపు పదాధికారి తడి ఇసుకలో చతికిలబడి, మొదటి ఈతాకును రెండుగా మడిచి, దాని కొసను కాలి బొటనవేలికి తగిలించాడు.